పోయినవారి గొంతు ఫోనులో ఉంది, పలకరించే మనిషి పక్కన ఉన్నారా?

ఆసుపత్రిలో ఒక మనిషి ప్రాణం పోయినప్పుడు డాక్టరు గారు సమయం రాస్తారు. నర్సులమైన మేము గొట్టాలు, సూదులు తీసి, శరీరాన్ని శుభ్రం చేసి, బంధువులకు అప్పగిస్తాము. వారి వస్తువులు ఒక కవరులో పెట్టి ఇచ్చి సంతకం తీసుకుంటాము. పదిహేను ఇరవై సంవత్సరాల క్రిందట ఆ కవరులో కళ్ళజోడు, చేతి గడియారం, ఉంగరం, పర్సు ఉండేవి. ఇప్పుడు దాదాపు ప్రతిసారీ సెల్‌ఫోను కూడా ఉంటుంది. చాలామంది మిగతా వస్తువులను వదిలి ముందుగా ఆ ఫోనునే చేతిలోకి తీసుకుంటారు. ఎందుకంటే పోయిన మనిషి ఫోటోలు, మాటలు, నవ్వు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఫోనును ఇలా దాచుకోవడం మంచిదేనా? పోయినవారి గొంతు రోజూ వింటే మనసు కుదుటపడుతుందా, ఇంకా పాడవుతుందా? చనిపోయిన తండ్రి పెండ్లికి వచ్చి దీవించినట్లు కంప్యూటరుతో వీడియోలు చేస్తున్నారు కదా, మనమూ చేయించుకోవచ్చా? దుఃఖంలో ఉన్న పిల్ల రాత్రంతా ఫోనుతో మాట్లాడుతుంటే ఊరుకోవాలా? రోగుల కుటుంబాలవారు మమ్మల్ని ఈ మధ్య అడుగుతున్న ప్రశ్నలు ఇవి. దుఃఖం అంటే ఏమిటో ముందుగా తెలుసుకుంటే వీటికి జవాబులు తేలికగా అర్థమవుతాయి.

దుఃఖం జబ్బా?

కాదు. మనకు కావలసిన మనిషి పోయినప్పుడు శరీరమూ మనసూ కలిసి పడే బాధ అది. దానిలో సాధారణంగా కనిపించేవి ఇవి:

1. నిద్ర పట్టకపోవడం, తెల్లవారుజామునే మెలకువ రావడం.
2. ఆకలి లేకపోవడం, గొంతులో ముద్ద అడ్డుపడినట్లు ఉండటం.
3. గుండె దడ, ఛాతీ బరువు, ఒంట్లో సత్తువ లేకపోవడం.
4. మతిమరుపు, చేస్తున్న పని మధ్యలో ఆగిపోవడం.
5. కోపం. డాక్టర్ల మీద, దేవుని మీద, ఒక్కోసారి పోయిన మనిషి మీద కూడా.
6. పోయినవారి అడుగుల చప్పుడు, పిలుపు వినిపించినట్లు అనిపించడం.

ఈ చివరి లక్షణం చూసి "సిస్టర్, నాకు పిచ్చి పడుతోందా?" అని భయపడేవారు చాలామంది ఉన్నారు. భయపడవలసిన పని లేదు. ముప్పై ఏళ్ళు సాయంత్రం ఆరింటికి గేటు చప్పుడు విన్న చెవి, ఆరు కాగానే ఇంకా ఆ చప్పుడు కోసం ఎదురుచూస్తుంది. మెదడుకు ఆ అలవాటు మారడానికి కొంతకాలం పడుతుంది.

అయితే ఒక హెచ్చరిక. విపరీతమైన దుఃఖం గుండెను నిజంగానే దెబ్బతీయగలదు. 1990లో జపాను డాక్టర్లు దీనిని వివరించి "టకోత్సుబో" అని పేరు పెట్టారు. ఆ దేశంలో ఆక్టోపస్‌లను పట్టడానికి వాడే కుండ పేరు అది. ఈ జబ్బులో గుండె ఎడమ గది ఆ కుండ ఆకారంలో ఉబ్బి, కొంతకాలం సరిగా పనిచేయదు. లక్షణాలు గుండెపోటులాగే ఉంటాయి. కాబట్టి అంత్యక్రియల రోజుల్లో ఎవరికైనా ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే "బెంగ పెట్టుకుంది" అని వదిలేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఇ.సి.జి. తీయించండి. బి.పి., షుగరు ఉన్నవారు ఆ గందరగోళంలో మాత్రలు మానేస్తారు. ఆ మాత్రలు వేళకు ఇచ్చే బాధ్యత ఇంట్లో ఎవరో ఒకరు తీసుకోవాలి.

దుఃఖం ఎలా తగ్గుతుంది?

1969లో డాక్టర్ ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ రాసిన పుస్తకం వల్ల ఐదు దశల సంగతి లోకమంతా తెలిసింది. నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, కృంగిపోవడం, ఒప్పుకోవడం అనేవి ఆ ఐదు. ఆమె వీటిని మొదట చెప్పింది మరణానికి దగ్గరపడిన రోగుల గురించి. బ్రతికి ఉన్న కుటుంబ సభ్యులు మెట్లు ఎక్కినట్లు ఒకదాని తరువాత ఒకటి దాటుకుంటూ పోరు. కాబట్టి "మూడు నెలలైంది, ఇంకా ఒప్పుకోలేకపోతున్నాను" అని మీలో మీరు బాధపడకండి.

1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు ఇంకొక వివరణ ఇచ్చారు. దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపుల మధ్య తిరుగుతూ ఉంటాడని వారు చెప్పారు. ఒక వైపు పోయినవారి కోసం ఏడవడం, తలచుకోవడం. రెండో వైపు బ్రతుకు తెరువు చూసుకోవడం. ఉదయం సమాధి దగ్గర కూలబడి ఏడ్చిన ఆవిడే మధ్యాహ్నం పింఛను కాగితాల కోసం ఆఫీసుకు వెళ్తుంది, సాయంత్రం మనవడి అల్లరికి నవ్వుతుంది. చూసేవారు "అప్పుడే మరిచిపోయింది" అంటారు. అది మరుపు కాదు. అటూ ఇటూ తిరగడంలోనే గాయం మెల్లగా మానుతుంది.

పోయినవారిని పూర్తిగా మరిచిపోతేనే మనసు బాగుపడుతుందని ఒకప్పుడు అనుకునేవారు. 1996 నాటికి ఈ రంగంలోని నిపుణులు ఆ అభిప్రాయాన్ని ప్రశ్నించారు. పోయిన మనిషితో అనుబంధం వేరొక రూపంలో కొనసాగడం సహజమేనని వారు రాశారు. గోడ మీద ఫోటో, నాన్న నాటిన మామిడి చెట్టు, అమ్మ చేతి పచ్చడి కొలతలు ఇలాంటివే. ఫోనులోని గొంతు కూడా వీటిలో చేరుతుంది.

మన పెద్దల పద్ధతులు ఎందుకున్నాయి?

చావు జరిగిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించరు. అన్నం, చారు పక్కింటినుంచి వస్తాయి. "రెండు ముద్దలు తిను వదినా" అని ఎవరో ఒకరు పక్కన కూర్చుని బలవంతం చేస్తారు. మూడో రోజు, పదకొండో రోజు, పెద్దకర్మ అంటూ జనం మళ్ళీ మళ్ళీ వస్తారు. క్రైస్తవ కుటుంబాలలో ఆదరణ కూటములు పెడతారు, నవంబరు 2వ తేదీన సమాధుల పండుగ చేస్తారు. ముస్లిం కుటుంబాలలో నలభయ్యో రోజు అందరూ కలుస్తారు. కొన్ని ప్రాంతాల్లో దగ్గర చుట్టాలు ఆ ఇంటివారిని తమ ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి నిద్ర చేయిస్తారు.

ఈ పద్ధతులలో కష్టపెట్టేవి కూడా కొన్ని ఉన్నాయి. భర్త పోయిన స్త్రీని మూలన కూర్చోబెట్టడం, శుభకార్యాలకు దూరం పెట్టడం అటువంటివి. వాటిని మానుకోవాలి. కాని అన్నం పెట్టడం, పక్కన కూర్చోవడం, చెప్పిన మాటే పదిసార్లు చెప్పినా వినడం అనేవి ఏ మందుల షాపులోనూ దొరకవు. పలకరించడానికి వచ్చిన ప్రతివారికీ "రాత్రి పదకొండింటికి ఆయాసం మొదలైంది..." అని చెప్పిందే చెబుతున్నప్పుడు, జరిగినదాన్ని మనసు కొంచెం కొంచెంగా ఒప్పుకుంటుంది.

ఇప్పుడు ఇళ్ళు చిన్నవయ్యాయి, పిల్లలు దూరమయ్యారు, సెలవులు తక్కువ. పదకొండో రోజు భోజనాలు అయిన మరునాటికి ఇల్లు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ ఇంట్లో మిగిలిన మనిషి చేతిలో ఫోను ఉంటుంది.

ఫోను చేసిన మేలు

ఫోనును తిట్టడం మా ఉద్దేశం కాదు. 2020, 2021 కరోనా రోజుల్లో వార్డులోకి బంధువులను రానిచ్చే వీలు లేదు. అప్పుడు పి.పి.ఇ. కిట్లు వేసుకున్న నర్సులు రోగి చెవి దగ్గర ఫోను పట్టుకునేవారు. అవతల నుంచి భార్య ప్రార్థన చేసేది, కొడుకు "నాన్నా, నేను వింటున్నాను" అనేవాడు. కొందరికి అదే చివరి మాట. ఆ రోజు ఆ ఫోను లేకపోతే ఆ మాట కూడా దక్కేది కాదు.

ఈనాడు కూడా అమెరికాలో, గల్ఫు దేశాలలో ఉన్న పిల్లలు టికెట్టు దొరక్క, సెలవు దొరక్క అంత్యక్రియలను వీడియో కాల్‌లో చూస్తున్నారు. వందల మైళ్ళ దూరంలో ఉన్న అక్కాచెల్లెళ్ళు రోజూ రాత్రి మాట్లాడుకుని ఓదార్చుకుంటున్నారు. ఇవన్నీ మంచివే. వీటిలో ఫోనుకు అటువైపు ఒక మనిషి ఉన్నాడు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులభం.

ఫోను ఎప్పుడు భారమవుతుంది?

మేము చూసిన కుటుంబాలలో తరచుగా కనిపించే మూడు పరిస్థితులు చెబుతాము.

*మొదటిది.* భర్త పోయిన ఒక పెద్దావిడ రోజూ రాత్రి ఆయన పంపిన వాయిస్ మెసేజి వింటుంది. అందులో ఉన్నది "మాత్ర వేసుకున్నావా?" అనే రెండు మాటలే. అది విని మాత్ర వేసుకుని పడుకుంటుంది. మొదటి నెలల్లో ఇది ఆమెకు మేలే చేసింది. తరువాత రోజుకు ఇరవైసార్లు వినడం మొదలైంది. ఫోను పాడవుతుందేమో, మెసేజి పోతుందేమో అన్న భయంతో ఆమె కూతురి ఇంటికి వెళ్ళడం కూడా మానేసింది.

*రెండవది.* రోడ్డు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న తండ్రి ప్రతిరోజూ అబ్బాయి ఫోటో స్టేటస్ పెడతాడు. ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అని లెక్కపెడతాడు. చూడనివారి మీద కోపం. అదే గదిలో, అదే కొడుకును పోగొట్టుకున్న తల్లి గోడవైపు తిరిగి కూర్చుని ఉంటుంది. ఇద్దరి మధ్య మాటలు లేవు.

*మూడవది.* తల్లి పోయిన కాలేజీ అమ్మాయి రాత్రి రెండింటిదాకా చాట్‌బాట్‌తో, అంటే మనిషిలా జవాబులిచ్చే కంప్యూటరు ప్రోగ్రాముతో, తల్లి గురించి మాట్లాడుతుంది. "ఎందుకమ్మా?" అని అడిగితే "అది విసుక్కోదు సిస్టర్" అన్నది. ఇంట్లో తల్లి మాట ఎత్తితే "ఎన్నాళ్ళు ఇలా? చదువు చూసుకో" అన్నారట.

ఈ ముగ్గురిలో ఎవరిదీ తప్పు లేదు. ముగ్గురికీ కావలసినది ఒక్కటే, వినే మనిషి. ఆ మనిషి దొరకని చోటులోకి యంత్రం వచ్చింది. ఆ అమ్మాయి జవాబు నిజానికి మన గురించి చెప్పిన మాట. మనము వినడం త్వరగా మానేస్తున్నాము.

యంత్రం అలసిపోదు, ఎదురు చెప్పదు, ఎప్పుడు పిలిచినా పలుకుతుంది. అందువల్లనే అలవాటు పెరుగుతుంది. కాని అది మీతో కలిసి ఏడవలేదు. మీరు అన్నం తినలేదని గమనించి కంచం తేలేదు. మీ అమ్మను చూడలేదు కాబట్టి, మీకు తెలియని ఆమె సంగతి ఒక్కటి కూడా చెప్పలేదు. మీ పిన్ని చెప్పగలదు.

ఒంటరితనం శరీరానికి కూడా హాని చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా సుమారు 8 లక్షల 71 వేల మరణాలకు దానితో సంబంధం ఉందని ఆ సంస్థ అంచనా వేసింది.

పోయినవారిలా మాట్లాడే యంత్రాలు

ఇది కొత్త సంగతి అనుకుంటాము, కాని దీని మూలం పాతది. 1966లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ప్రొఫెసరు "ఎలైజా" అనే ప్రోగ్రామును తయారుచేశారు. మనం టైపు చేసిన మాటలనే కొంచెం తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి ఏమీ తెలియదు. అయినా దాన్ని ఆయన తయారుచేస్తుండగా నెలల తరబడి చూసిన ఆయన సెక్రటరీయే, దానితో మాట్లాడుతూ ఆయనను గది బయటకు వెళ్ళమని కోరింది. అంతా తెలిసినవారి మనసు కూడా అలా లొంగుతుందని ఆయన ఆశ్చర్యపోయి, తరువాత దాని గురించి హెచ్చరిస్తూ పుస్తకం రాశారు.

2015లో యుజీనియా కుయిదా అనే రష్యన్ యువతి స్నేహితుడు మాస్కోలో కారు ప్రమాదంలో చనిపోయాడు. అతను పంపిన పాత మెసేజీలతో 2016లో ఆమె ఒక చాట్‌బాట్‌ను తయారుచేసింది. అది అతనిలాగే జవాబులిచ్చేది. ఆ తరువాత ఆమె సంస్థ "రెప్లికా" అనే తోడు యాప్‌ను తెచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆ యాప్‌ను మార్చినప్పుడు, తమకు అలవాటైన తోడు ఒక్కరోజులో మారిపోయిందని ఎందరో వాడకందారులు ఆప్తులను పోగొట్టుకున్నంతగా బాధపడ్డారు. దుఃఖంలో ఉన్న మనిషి ఇటువంటి యాప్‌ను ఆనుకుంటే వచ్చే ప్రమాదం ఇదే. ఒకసారి పోగొట్టుకున్నవారు రెండోసారి పోగొట్టుకోవలసి వస్తుంది. ఆ నిర్ణయం ఎక్కడో ఒక కంపెనీ చేతిలో ఉంటుంది.

2020లో దక్షిణ కొరియా టి.వి.లో ఒక తల్లికి, నాలుగేళ్ళ క్రితం జబ్బుతో చనిపోయిన ఏడేళ్ళ పాపను ప్రత్యేకమైన కళ్ళద్దాల ద్వారా ఎదురుగా ఉన్నట్లే చూపించారు. తల్లి చేతులు చాచి ఏడ్చింది. కొందరు అది ఆమెకు ఓదార్పు అన్నారు, కొందరు పచ్చి గాయాన్ని కెలకడమన్నారు.

మన తెలుగువారికీ ఈ ప్రశ్న ఎదురైంది. గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. 2023లో విడుదలైన "కీడా కోలా" సినిమాలో ఆయన గొంతును ఏఐతో, అంటే కృత్రిమ మేధతో తయారుచేసి వాడారని, తమ అనుమతి తీసుకోలేదని కుటుంబం తరపున కుమారుడు 2024లో లీగల్ నోటీసు పంపారు. ఆ ఏడాదే తమిళంలో "లాల్ సలామ్" సినిమాకు ఎ.ఆర్. రెహమాన్ గారు ఇద్దరు దివంగత గాయకుల గొంతులను ఇలాగే వాడారు. వారి కుటుంబాల అనుమతి తీసుకుని, ప్రతిఫలం కూడా ఇచ్చామని తెలిపారు. పోయిన మనిషి తాను అనని మాటను ఆయన నోట అనిపించే ముందు, ఆయన దానికి ఒప్పుకునేవారా అని అడగాలి. పెండ్లిలో నాన్న దీవించే వీడియో చేయించాలనుకునే ఇంట్లో కూడా అమ్మను, అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను ముందుగా అడగండి. ఆ వీడియో ఒకరికి సంతోషమైతే ఇంకొకరికి కత్తిపోటు కావచ్చు. ముందు చెప్పకుండా మండపంలో అకస్మాత్తుగా చూపించవద్దు. నాన్న నిజంగా మాట్లాడిన పాత వీడియో ఒక్క నిమిషం ఉన్నా, దాన్ని చూపించడం మేలు.

తీగ లేని టెలిఫోను

జపానులో ఒట్సుచి అనే సముద్రతీరపు ఊరు ఉంది. అక్కడ ఇటారు ససాకి అనే ఆయన, తన దగ్గరి బంధువు చనిపోయిన దుఃఖంలో, 2010లో తన తోటలో ఒక టెలిఫోను బూత్ పెట్టుకున్నారు. ఆ ఫోనుకు తీగ లేదు, కనెక్షను లేదు. అందులో ఆయన పోయిన మనిషితో తన మాటలు చెప్పుకునేవారు. 2011 మార్చి 11న సునామీ వచ్చి ఆ ఊరిలోనే పన్నెండు వందల మందికి పైగా చనిపోవడమో, గల్లంతవడమో జరిగింది. ఆయన ఆ బూత్‌ను అందరి కోసం తెరిచారు. ఆనాటి నుంచి వేలమంది అక్కడికి వెళ్ళి, రిసీవరు చెవికి పెట్టుకుని, చెప్పలేకపోయిన మాటలు చెప్పుకుని వస్తున్నారు.

ఈ టెలిఫోనుకూ, చాట్‌బాట్‌కూ తేడా గమనించండి. ఈ ఫోను జవాబు చెప్పదు. అందువల్ల మాట్లాడినవారికి తమ మనిషి పోయిన సంగతి తెలుస్తూనే ఉంటుంది. మనసులోని మాట బయటకు వస్తుంది, మోసం ఉండదు. మనవారు సమాధి దగ్గర, ఫోటో ముందు కూర్చుని మాట్లాడేదీ ఇదే. పోయినవారితో మాట్లాడటం తప్పు కాదు. వారి పేరుతో ఇంకొకటి జవాబిస్తే, అది వారే అని నమ్మే స్థితికి రావడం ప్రమాదం.

జాగ్రత్త పడవలసిన గుర్తులు

- ఫోను దగ్గర లేకపోతే కంగారు, చెమటలు, కోపం.
- పలకరించడానికి వచ్చినవారిని తప్పించుకుని ఫోనుతో గదిలోకి వెళ్ళిపోవడం.
- తిండి, స్నానం, మందులు, పని మానేసి గంటల తరబడి పాత వీడియోలు చూడటం.
- చూసిన ప్రతిసారీ మనసు తేలికపడకుండా, ఇంకా కృంగిపోవడం.
- దానికి పూర్తి వ్యతిరేకంగా, ఫోటోగాని, గొంతుగాని తగిలితే భరించలేక అన్నీ చెరిపేయడం.
- పోయినవారు యాప్‌లో బ్రతికే ఉన్నారన్నట్లు మాట్లాడటం, దానికోసం డబ్బు ఖర్చు పెట్టడం.

కుటుంబ సభ్యులు చేయవలసినవి

*కలిసి వినండి.* ఫోను లాక్కోవద్దు, మెసేజీలు చెరపవద్దు. పక్కన కూర్చోండి. మొదటి పరిస్థితిలో చెప్పిన పెద్దావిడకు మేలు చేసింది ఇదే. కూతురు ఒక రాత్రి తల్లి పక్కన పడుకుని ఆ మెసేజి తానూ విన్నది. "అమ్మా, నాన్న ఇది ఎక్కడినుంచి పంపాడు?" అని అడిగింది. విజయవాడ బస్టాండు, ఆలస్యమైన బస్సు, ఆయన తెచ్చిన బత్తాయిలు అన్నీ బయటకు వచ్చాయి. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు కూడా.

*భద్రం చేయండి.* పోతుందేమోనన్న భయం తగ్గితే పట్టు కూడా సడలుతుంది. ఫోటోలు, వాయిస్ మెసేజీలు పెన్‌డ్రైవులోకి, ఇంకొకరి ఫోనులోకి కాపీ చేయండి. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ నిలిపివేయవచ్చు, తరువాత అది వేరొకరికి వెళ్ళవచ్చు. 120 రోజులు వాడని వాట్సాప్ ఖాతా సాధారణంగా తొలగించబడుతుంది. తెలియక ఆ నంబరుకు ఫోను చేసి, కొత్త మనిషి గొంతు విని కుప్పకూలినవారు ఉన్నారు. కాబట్టి ముందే కాపీ చేసుకోండి. బ్యాంకుకు మరణ ధృవీకరణ పత్రం ఇచ్చి, ఆ నంబరుతో ఉన్న లావాదేవీలను సరిచేయించుకోండి.

*వేళ పెట్టండి.* వినాలనిపిస్తే సాయంత్రం దీపాలు పెట్టే వేళ పావుగంట వినమనండి. పడుకునే ముందు వద్దు. ఫోను రాత్రి వేరే గదిలో ఛార్జింగు పెట్టండి.

*మళ్ళీ వెళ్ళండి.* పదకొండో రోజు తరువాత ఇంటికి వెళ్ళేవారే నిజంగా అవసరమైనవారు. నెలకు, మూడు నెలలకు, మొదటి పండుగకు, పుట్టినరోజుకు, సంవత్సరీకానికి వెళ్ళండి. "ఏమైనా కావాలంటే ఫోను చెయ్యి" అంటే ఎవరూ చేయరు. "శనివారం వస్తాను, ఇద్దరం కలిసి భోంచేద్దాం" అనండి, తప్పకుండా వెళ్ళండి.

*ఈ మాటలు వద్దు:* "ఏడవకు, గుండె రాయి చేసుకో." "వయసైపోయిందిగా, పోనీలే." "ఇంకో బిడ్డను కనవచ్చు." "దేవునికి నచ్చినవారిని త్వరగా తీసుకుంటాడు." వీటి బదులు పోయినవారి పేరు పలకండి. "వదినా, అన్నయ్య గురించి ఒక సంగతి గుర్తొచ్చింది, చెప్పనా?" అంటే చాలు. మాటలు రాకపోతే ఊరికే కూర్చోండి.

*భార్యాభర్తలు ఒకరినొకరు వదలవద్దు.* బిడ్డను పోగొట్టుకున్నప్పుడు ఒకరు ఏడుస్తారు, ఒకరు మౌనంగా పనిలో పడతారు. ఏడవనివారికి ప్రేమ లేదని అనుకోవద్దు. రోజుకు ఒక్కపూటైనా ఫోన్లు పక్కన పెట్టి కలిసి భోజనం చేయండి.

పిల్లల విషయంలో

"తాతయ్య ఊరెళ్ళాడు", "నిద్రపోతున్నాడు" అని చెప్పవద్దు. ఊరెళ్ళినవారు తిరిగి వస్తారని పిల్లలు ఎదురుచూస్తారు, కొందరు నిద్రకే భయపడతారు. "తాతయ్య చనిపోయాడు. ఆయన శరీరం ఇక పనిచేయదు, తిరిగి రాడు. మనం అందరం నీతో ఉన్నాము" అని వయసుకు తగినట్లు నిజం చెప్పండి. ఏఐతో తాతయ్య మాట్లాడినట్లు చేసిన వీడియోలు చిన్నపిల్లలకు చూపించకండి. నిజానికీ, బొమ్మకూ తేడా వారికి తెలియదు. ఏడుస్తున్నారని ఫోను చేతికిచ్చి ఊరుకోబెట్టడం కూడా మంచిది కాదు. ఒళ్ళో కూర్చోబెట్టుకోండి.

దూరదేశంలో ఉన్నవారి విషయంలో

వీడియో కాల్‌లో అంత్యక్రియలు చూసిన కొడుకు, కాల్ ఆగిపోగానే ఒంటరి గదిలో మిగులుతాడు. ఇక్కడ ఇంటినిండా జనం, అక్కడ ఎవరూ లేరు. కాబట్టి ఫోను పట్టుకునే పని నెమ్మదస్తుడైన ఒక బంధువుకు అప్పగించండి. ఏం జరుగుతున్నదో అతను చెబుతూ ఉండాలి. అబ్బాయి ఉన్న ఊరిలోని స్నేహితుడికో, తెలుగు కుటుంబానికో ముందే చెప్పి, ఆ సమయానికి అతని గదికి వెళ్ళమనండి. తరువాత అతను వచ్చినప్పుడు "అన్నీ అయిపోయాయిగా" అనకండి. సమాధి దగ్గరకు తీసుకెళ్ళి, అన్నీ మొదటినుంచి చెప్పండి.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

చాలామందికి నెలలు గడిచేకొద్దీ బాధ వచ్చే తెరల మధ్య విరామం పెరుగుతుంది. కొద్దిమందికి అలా జరగదు. తపన, బెంగ రోజూ అదే తీవ్రతతో ఉండి, బ్రతుకు ముందుకు కదలదు. దీనిని ఇప్పుడు "దీర్ఘకాల శోక రుగ్మత"గా గుర్తించారు. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో దీనికి కనీస గడువు ఆరు నెలలు. అమెరికా మానసిక వైద్యుల 2022 పుస్తకంలో పెద్దవారికి ఒక సంవత్సరం, పిల్లలకు ఆరు నెలలు. దీనికి కౌన్సిలింగుతో చికిత్స ఉంది. కృంగుబాటు కూడా ఉంటే డాక్టరు మందులు ఇస్తారు. నిద్రమాత్రలు, మద్యం సొంతంగా మొదలుపెట్టవద్దు.

చనిపోవాలని ఉందని, పోయినవారి దగ్గరకు వెళ్తానని అంటే గడువు చూడకుండా ఆ రోజే తీసుకురండి. ఒంటరిగా వదలవద్దు. ఇటువంటి మాటలు చాట్‌బాట్‌తో చెప్పుకుని ఊరుకుంటే సరిపోదు. అది డాక్టరు కాదు, రాత్రిపూట ఇంటి తలుపు తట్టి ఎవరినీ లేపలేదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ శిక్షణ పొందిన మనిషి పలుకుతారు.

మీ ఇంట్లో, మీ వీధిలో ఈ మధ్య ఎవరినైనా పోగొట్టుకున్నవారు ఉంటే, ఈ పుస్తకం పక్కన పెట్టిన తరువాత వారికి ఒక ఫోను చేయండి. వీలైతే ఈ వారంలోనే ఒకసారి వారి ఇంటికి వెళ్ళి రండి. మా ఆసుపత్రిలో తమ మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలు నెలల తరువాత వచ్చి వార్డులోని నర్సులతో మాట్లాడాలనుకున్నా సంకోచించకండి. ఆ చివరి రోజుల్లో వారిని చూసినవాళ్ళం మేమే కదా, మేము వింటాము.